కడుపును కన్నును – ఎల్మర్ మెక్కాలం పండితుని చరిత్రము

రేచీకటి యను పేరు మన తాతలకు క్రొత్తది కాదు. పగలెల్ల చక్కగా చూడగల బిడ్డ ప్రొద్దు గ్రుంకినంతనే గోడ పట్టుకొని నడచుటయు, తన యెదుట నుంచిన కంచమును చేతితో తడవుకొనుటయు కని, తల్లులు అది గ్రహచారమని వగచుచుండిరి. తెలిసిన వైద్యులు మేక కాలేయము తినిపింపుడని చెప్పెడివారు. సుశ్రుతుని గ్రంథమునందును ఈ చికిత్స కలదు. ప్రాచీనులైన ఐగుప్తీయులును గ్రీకులును గూడ ఈ రోగమునకు కాలేయమునే వాడిరి. మందు తెలిసినది గాని కారణము తెలియదు. కాలేయమునకును కంటికిని సంబంధమేమో, విరేచనములతో చిక్కి శల్యమైన బిడ్డకే కన్నులును చెడుట యేలనో, వేలయేండ్లు ఎవ్వరును చెప్పజాలకపోయిరి. ఆ చిక్కుముడిని విప్పినవారు పలువురు. వారిలో మొదటి ముడిని చేతబట్టి లాగిన వారిలో నొకడగు ఎల్మర్ మెక్కాలం పండితుని చరిత్రమును ఈ యేటి సంచికలో మా చదువరులకు చెప్పదలచితిమి. రాజుల చరిత్రములును సేనాపతుల చరిత్రములును పాఠ్యపుస్తకములందు కావలసినన్ని యున్నవి. పండ్రెండు తెల్లయెలుకలను కొని లోకమునకు మేలు చేసినవాని చరిత్రము అంత సులభముగా దొరకదు.

ఎల్మర్ వెర్నర్ మెక్కాలం 1879వ సంవత్సరము మార్చి 3వ తేదిని అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కాన్సాసు రాష్ట్రమున, ఫోర్ట్‌స్కాట్ పట్టణమునకు సమీపమున నొక సేద్యపు కుటుంబములో జన్మించెను. తల్లి పేరు మార్తా. శిశువు ఏడాది నిండకమునుపే ఆమె చనుబాలు మాన్పింపవలసివచ్చెను. కాచిన పాలును, ఉడికించి మెదిపిన బంగాళాదుంపలును బిడ్డకు ఆహారమయ్యెను. ఆ తిండి కడుపు నింపినదే గాని బిడ్డను నిలుపలేదు. చిగుళ్లు వాచి నెత్తురు కారసాగెను. కీళ్లు నొప్పిచే ముట్టనీయడయ్యెను. బ్రదుకు నాశ సన్నగిల్లిన కాలమున, ఒకనాడు తల్లి బిడ్డను ఒడిలో నుంచుకొని ఆపిలుపండ్ల తొక్క తీయుచుండెను. ఊరకుండుటకై పండు గీరిన తురుమును కొంచెము నోటికందింపగా బిడ్డ ఆత్రముతో తినెను. ఆమె మరికొంత పెట్టెను. మరునాడును పెట్టెను. కొలది దినములలోనే చిగుళ్లు నయమగుట కని, ఆమె ఆ పండును మానలేదు. అది స్కర్వీ యను వ్యాధి యని ఆమెకు తెలియదు. కుమారుడు పెద్దవాడై శాస్త్రము చదివిన తరువాత, తల్లి చెప్పిన గుర్తులను బట్టి తన్ను పట్టిన రోగమేదో తాను గుర్తించెను. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. ముందు దీనితో మనకు పనియున్నది.

మార్తమ్మ తాను బడిలో చదివినది మిక్కిలి స్వల్పము. కావుననే కాబోలు, తన బిడ్డల చదువు విషయమున ఆమె పట్టుదల కంతము లేకుండెను. పొలము నమ్ముకొని యున్నంతకాలము ఉన్నతపాఠశాల యెండమావియే యని యెంచి, 1896లో కుటుంబమును లారెన్సు పట్టణమునకు తరలించెను. అప్పటికి ఎల్మర్‌కు పదునేడేండ్లు. ఆ యీడున ఉన్నతపాఠశాలలో ప్రవేశించి, తనకంటె చిన్నవారి సరసను కూర్చుండుటకు అతడు సిగ్గుపడలేదు. ఖర్చులకై పట్టణపు వీథులలోని గ్యాసుదీపములను సాయంకాలము వెలిగించుచు, వేళకు ఆర్పుచు కూలి సంపాదించెను. ఈ పనితోనే కాన్సాసు విశ్వవిద్యాలయమున చదువు సాగించి 1903లో బి.ఏ. పట్టమును, మరుసటియేట ఎం.ఏ. పట్టమును పొందెను. పిమ్మట యేల్ విశ్వవిద్యాలయమునకు పోయి 1906లో రసాయనశాస్త్రమున డాక్టరు పట్టమును గాంచెను. అచ్చటనే మెండెల్, ఆస్బర్న్ అను నిరువురు ఆహారశాస్త్రజ్ఞుల పరిచయము కలిగెను.

1907లో ఈయన విస్కాన్సిన్ రాష్ట్రపు వ్యవసాయ పరిశోధనాలయమున, మాడిసన్ నగరమందు ఉద్యోగమున చేరెను. చేరునాటికే అచ్చట నొక విచిత్రమైన పరీక్ష ప్రారంభమై యుండెను. పదునారు పెయ్యలను నాలుగు జట్లుగా విడదీసి, ఒక జట్టునకు మొక్కజొన్న పైరునే, ఒకదానికి గోధుమ పైరునే, మరియొకదానికి ఓట్సు పైరునే, నాలవదానికి ఈ మూటిని కలిపియు మేపుచుండిరి. రసాయనశాస్త్రము నాడు చెప్పగల కొలతలన్నిటి ప్రకారము ఈ మేతలన్నియు సమానములే. మాంసకృత్తులు సమానము, పిండిపదార్థము సమానము, కొవ్వు సమానము. కాని పశువులు రసాయనశాస్త్రము చదువుకొనలేదు. మొక్కజొన్న తిన్న ఆవులు నిగనిగలాడుచు బలమైన దూడల నీనెను; గోధుమ తిన్నవి ముతకబారిన వెండ్రుకలతో నుండి, వానికి పుట్టిన దూడలు బలహీనములై చచ్చెను. కారణము కనిపెట్టుమని క్రొత్తగా వచ్చిన మెక్కాలంను నియోగించిరి. ఆయన మేతను, పాలను, నెత్తురును, మూత్రమును, పేడను వరుసగా విశ్లేషించి చూచెను. ఏమియు తేలలేదు.

ఇట్టి స్థితిలో పలువురు కొలతలనే మరింత నిశితముగా చేయుదురు. మెక్కాలం అట్లు చేయక గ్రంథాలయమునకు పోయెను. జర్మనుభాషలో వెలువడుచుండిన వార్షిక శాస్త్రసంగ్రహము ముప్పదియేడు సంపుటములు ఉండెను. వానిని తిరుగవేసి చూడగా, శుద్ధిచేసిన ఆహారపదార్థములను మాత్రమే యెలుకలకును ఇతర చిన్న జంతువులకును పెట్టి చూచిన పరీక్షలు పదమూడు కనబడెను. అన్నిటను ఆ జంతువులు క్షీణించి చచ్చెను. ఇదియే గదా చూడవలసిన సంగతి యని ఆయనకు తోచెను. ఆవు పెరిగి యీనుటకు ఏండ్లు పట్టును. ఎలుక కొలది నెలలలో పుట్టి, పెరిగి, పిల్లలను పెట్టును. కావున యెలుకల మందను పెంతునని పైయధికారిని వేడెను. రైతుల ధనముతో నడచు సంస్థలో, రైతుల గాదెలు దోచు యెలుకలను పెంచుట యేమని ఆయన నిరాకరించెను. వృద్ధశాస్త్రజ్ఞుడైన బాబ్‌కాక్ మాత్రము ప్రోత్సహించెను. మెక్కాలం మొదట పశువులశాలలోని యెలుకలను పట్టి చూచెను. అవి కరచుటకే గాని పరీక్షకు పనికిరాలేదు. అంతట 1908లో చికాగో నగరపు వర్తకునియొద్ద పండ్రెండు తెల్లయెలుకలను తన సొంత ఆరు డాలర్లతో కొనితెచ్చెను. పోషణ పరిశోధనకై అమెరికాలో పెంచబడిన మొదటి యెలుకల మంద ఇదియే యని ప్రసిద్ధి.

మొదటి ఫలితములు సంతోషకరములు గావు. 1909లో ఆయన ప్రకటించిన అభిప్రాయము, రుచిలేని తిండిని యెలుకలు చాలినంత తినకపోవుటయే క్షీణతకు కారణమని. అది పొరపాటని యేల్‌లోని పూర్వపు గురువులే ఖండించిరి. ఎలుకలను దినదినము తూచి, మేపి, కనిపెట్టియుండుట ఒక్కనివలన కాని పని. ఆ యేడే మార్గరీట్ డేవిస్ అను యువతి, కాలేజీ చదువు ముగించి మాడిసన్‌నకు వచ్చి, తనంతట తాను ఈ పనికి పూనుకొనెను. ఐదేండ్లు ఆమె జీతము లేకయే పనిచేసెను. తరువాతి పుస్తకములు పెక్కింటిలో ఆమె పేరు ఒక్క పంక్తికి మించి కనబడదు. ఇది మాకు న్యాయముగా తోచదు. మేకయో ఆవో అయిన యెవడైనను మేపును. కన్నులు వాచి, చీము కారు యెలుకల గూళ్లను ప్రతిదినము శుభ్రపరచి లెక్కలు వ్రాయుట సామాన్యమైన ఓర్పు కాదు.

1913లో ఈ యిరువురును ప్రకటించిన వ్యాసము ఆహారశాస్త్రమున నొక క్రొత్త ప్రకరణము. వారి పరీక్ష వినుటకు మిక్కిలి సులభము. పాలలోని మాంసకృత్తును, పిండిపదార్థమును, లవణములను అన్ని యెలుకలకును పెట్టిరి. కొవ్వును మాత్రము మార్చిరి. పందికొవ్వు గాని ఆలివునూనె గాని తిన్న యెలుకలు డెబ్బది మొదలు నూటయిరువది దినముల వరకు పెరిగి, అంతటితో పెరుగుట మానెను. అప్పుడు వెన్నలోనిదో, గ్రుడ్డు పచ్చసొనలోనిదో కొవ్వును వానికి చేర్చగా మరల పెరుగసాగెను. కొవ్వులన్నియు ఒక్కటియే యని అంతవరకు తలచిన లోకమునకు ఇది వింత. తరువాత వారు వెన్నను క్షారముతో సబ్బుగా మార్చి, మిగిలిన సారమును ఆలివునూనెలోనికి తీయగా, ఆ నూనెయు వెన్నవలెనే పనిచేసెను. కొవ్వు కాదు, కొవ్వులో కరగియున్న మరియేదో పదార్థము ప్రాణాధారమని దీనివలన తేలెను. దానికి కొవ్వున కరగు ‘ఏ’ యనియు, నీట కరగు మరియొక దానికి ‘బి’ యనియు పేర్లు వచ్చెను. నేడు మనము అక్షరములతో పిలుచు విటమినుల పేర్లకు మూలమిదియే. మూడు వారముల తేడాలో యేల్ పండితులు మెండెల్, ఆస్బర్న్‌లును అదే ఫలితమును పత్రికకు పంపిరి. శిష్యుడు గురువులకంటె మూడు వారములు ముందుండెను.

ఆ యెలుకల కన్నులను గూర్చి యిప్పుడు చెప్పవలెను. వెన్నలేని తిండి తిన్న వానికి మొదట రెప్పలు వాచెను. తడి యింకి, కన్ను పొడివారి, తుదకు నల్లగ్రుడ్డుమీది తేటపొర మబ్బుపట్టి పగిలెను. మిక్కిలి ముదరకముందు కొంచెము వెన్న నిచ్చినచో కొలది దినములలో కన్ను తేటపడెను; ముదిరినపిమ్మట నేమిచ్చినను చూపు రాలేదు. ఇది గాలివలన వచ్చిన అంటువ్యాధి కాదనియు, మానవులకు కలుగు పొడికంటి వ్యాధియే యనియు మెక్కాలమును ఆయన సహాయురాలు సిమ్మండ్సును 1917లో నిర్ణయించిరి. ఆ నిర్ణయముతో, దూరదేశముల నుండి వచ్చిన రెండు పాత వృత్తాంతములకు అర్థము తెలిసెను.

మొదటిది జపానుదేశపు వృత్తాంతము. సముద్రమునకు దూరముగా నున్న పల్లెలలో, రెండు మొదలు ఐదేండ్ల బిడ్డలకు ఒక వ్యాధి వచ్చుచుండెను. దానిని వారు హికాన్ అనిరి. మొదట విడువని విరేచనములు, ఉబ్బిన పొట్ట, ఆపై కన్నులు పొడివారుట. మోరి యను వైద్యుడు ఇట్టి బిడ్డలను వందలకొలది చూచి, 1904లో తన అనుభవమును ప్రకటించెను. కాడ్ చేప కాలేయపు నూనె నిచ్చినచో వారు కోలుకొనిరి. చేపలు తిను తీరవాసుల బిడ్డలకు ఈ రోగము రాదు. కొవ్వు చాలకపోవుటయే కారణమని మోరి తలచెను. రెండవది డెన్మార్కు వృత్తాంతము. ఆ దేశము వెన్నకు పుట్టినిల్లు. కాని యుద్ధకాలమున వెన్నకు పరదేశములందు మంచి ధర వచ్చుటచే దానిని ఎగుమతి చేసి, పేదల బిడ్డలకు వెన్న తీసిన పాలును చెట్ల నూనెలతో చేసిన కృత్రిమపు వెన్నను మిగిల్చిరి. కోపెన్‌హేగెన్‌లో బ్లాక్ అను వైద్యుడు, శరణాలయపు శిశువులలో కన్నులు చెడినవారిని కని, తిండిని విచారింపగా, వెన్నతీయని పాలు త్రాగిన గదిలోని బిడ్డలు చక్కగా నుండిరి. 1917 చివర సముద్రము మీద జలాంతర్గాముల భయముచే ఎగుమతి నిలిచి, వెన్న దేశములోనే పంచబడగా, ఆ కంటిరోగము మాయమయ్యెను. ధనాశకు బిడ్డల కన్నులు వెలయగుట యిట్లుండును.

మోరి వృత్తాంతములో ఒక సంగతి మా విద్యార్థులు గమనింపవలెను. విరేచనములు ముందు, కన్నులు పిదప. తిన్నదంతయు శరీరమునకు చేరునని మనము తలచుదుము. అట్లు కాదు. నోటికి అందినది ఇంకను శరీరమునకు వెలుపలనే యున్నది; చిన్నప్రేవు గోడను దాటినపుడే అది మనది. ఆ గోడయందు లక్షలకొలది చూషకములు, మిక్కిలి సన్నని వ్రేళ్లవలె, ఆహారసారమును పీల్చుచుండును. ఏ విటమిను నీటిలో కరగదు గాన నీటితో కూడి ఆ గోడను దాటలేదు. కాలేయమునుండి వచ్చు పైత్యరసము కొవ్వును సబ్బువలె సన్నని బిందువులుగా విరుగగొట్టును. క్లోమరసము దానిని జీర్ణింపజేయును. ఆ బిందువులలో నెక్కి విటమిను గోడను దాటి, శోషరసమున పడి, నెత్తురున చేరి, కాలేయమున నిలువ యుండును. అవసరమైనపుడు కాలేయము దానిని ఒక మాంసకృత్తు మీద నెక్కించి కంటికి పంపును. పైత్యము ఆగిన పచ్చకామెర్లలోను, క్లోమము చెడినను, కొవ్వే లేని గంజి తాగినను, ఏలికపాములు ప్రేవులలో నిండినను, ఈ దారిలో ఎక్కడనో ఒకచోట గండి పడును. తట్టు వచ్చిన బిడ్డకును, విడువని అతిసారము గల బిడ్డకును నిలువ త్వరగా తరుగును, క్రొత్తది చేరదు. ఇంకొక దుఃఖకరమైన సంగతి యేమన, ఏ విటమిను లేకున్న ప్రేవుల లోపొర తానే చెడును. అది చెడినచో వచ్చిన కొంచెమును నిలువదు. కాలేయము మందని ప్రాచీనులు చెప్పుట వట్టి మాట కాదు. ఆ నిలువయిల్లే యది గదా.

ఆకుకూరల సంగతియు మెక్కాలం తేల్చినదే. గింజలు మాత్రము తిన్న యెలుకలు పెరుగవనియు, ఆకు చేర్చినచో పెరుగుననియు ఆయన చూపెను. పాలను, ఆకుకూరలను ఆయన రక్షకాహారములని పిలిచెను. ఆకులో నున్నది విటమిను కాదు, దానికి తల్లియగు కెరోటీను అను పసుపురంగు పదార్థము. శరీరములోనే అది విటమినుగా మారునని 1930లో థామస్ మూర్ నిరూపించెను. మొదటి ఆవుల పరీక్షలో మొక్కజొన్న గెలుచుటకు దాని పసుపే యొక కారణమని తుదకు తెలిసెను. అయితే యీ మార్పు మిక్కిలి ఖర్చుతో కూడినది. ఆకుకూరలోని కెరోటీను పండ్రెండు పాళ్లకు విటమిను ఒక పాలు లభించునని నేటి లెక్క. నూనె చుక్కయైనను లేక నీట నుడికించి వార్చిన తోటకూరలో కెరోటీను నిండుగా నున్నను, ప్రేవులు దానిని పెద్దగా గ్రహింపవు. చెంచాడు నూనెతో పోపు పెట్టిన కూర వేరు. మన తల్లులు పోపు పెట్టుట రుచికొరకేయని తలచితిమి. తెలియకయే వారు మంచి పని చేయుచున్నారు.

ఇక ఆయన పొరపాటును గూర్చి. గొప్పవారి పొరపాట్లను దాచుట మాకు సమ్మతము కాదు. 1917లోనే ఆయన పిట్జ్ అను సహాయునితో కలిసి స్కర్వీని విచారించెను. గినీపందులు అను చిన్న జంతువులకు ఓట్సును పాలును పెట్టగా స్కర్వీ వచ్చెను. కోసి చూడగా వాని పెద్దప్రేవు మొదటనున్న సంచి కుళ్లిన మలముతో బిగిసియుండెను. కావున ఆహారములో లోపమేమియు లేదనియు, మలము నిలిచి విషమెక్కుటయే స్కర్వీకి కారణమనియు ఆయన తీర్మానించెను. విరేచనకారియైన ఖనిజతైలమును గూడ మందుగా వాడి చూచెను. ఆయన నమ్మకమునకు మూలము ఎలుకలు. ఎలుకకు స్కర్వీ రాదు. స్కర్వీని పోగొట్టు సి విటమినును ఎలుక తన శరీరముననే చేసికొనును. మనుష్యునికిని గినీపందికిని ఆ శక్తి లేదు. తన్ను మహోన్నతుని చేసిన జంతువే తన్ను మోసగించెను. ఇతర పండితులు కొలది కాలములోనే ఈ వాదమును కూలద్రోసిరి. తరువాత ఆయనయు స్కర్వీ విటమిను లోపమేయని ఒప్పుకొనెను. ఆపిలు తురుముచే బ్రదికిన బిడ్డ, ఆపిలులో నేమియు లేదని వాదించుట చూడ చిత్రముగా నున్నది గదా. ప్రేవులు రోగమునకు మూలమనుట ఆయన కంతటను తప్పు కాదు; అక్కడ మాత్రము తప్పు. ఆయన వాడిన ఆ ఖనిజతైలమే ప్రేవులలో కెరోటీనును తనలో కరగించుకొని, గోడ దాటనీయక మలముతో వెలికి కొనిపోవునని తరువాతి పరిశోధకులు కనుగొనిరి. మలబద్ధకమునకై దానిని నెలలతరబడి త్రాగువారు ఈ సంగతి నెరుగుట మేలు.

1917లోనే ఆయన మాడిసన్‌ను విడిచి, బాల్టిమోరు నగరమందు క్రొత్తగా ఏర్పడిన జాన్స్ హాప్‌కిన్స్ ఆరోగ్యశాస్త్ర కళాశాలకు ఆచార్యుడుగా పోయెను. మరుసటియేట ఆయన వ్రాసిన ఆహారశాస్త్ర గ్రంథము పెక్కు ముద్రణములు పొందెను. బాల్టిమోరులో ఆయన చేసిన ముఖ్యమైన పని 1922 నాటిది. కాడ్ చేప నూనె కంటిరోగమును పోగొట్టును. ఎముకలు వంగు రికెట్సును గూడ పోగొట్టును. రెంటికిని మందు ఒక్కటియేనా? ఆయన ఆ నూనెను కాచుచు, దానిగుండ గంటలతరబడి గాలిని పోనిచ్చెను. అట్టి నూనె ఎలుకల కన్నులను నయము చేయజాలదయ్యెను; కాని వంగిన యెముకలను మునుపటివలెనే సరిచేసెను. కావున అందు రెండు పదార్థములున్నవి. ఎముకలను బాగుచేయుదానికి డి యను పేరు వచ్చెను. ఎలుక కన్నే యీ పరీక్షయందు త్రాసుముల్లు. ఏ ఉన్నదా లేదా యని చెప్పుటకు నాడు మరియొక కొలత లేకుండెను.

కన్నుకును ఏ విటమినుకును గల బంధమును పూర్తిగా తేల్చినది ఆయన కాదు. ఏ లేని యెలుకల నేత్రపటలమందు, మసకవెలుతురున చూపునకు ఆధారమగు ఊదారంగు పదార్థము తగినంత కుదురదని డెన్మార్కులోని ఫ్రిడెరిసియా, హోల్ము అను పండితులు 1925లో చూపిరి. 1933లో జార్జి వాల్డ్ అను యువశాస్త్రజ్ఞుడు నేత్రపటలముననే ఏ విటమినును కనుగొనెను. వెలుతురు తగిలినప్పుడెల్ల ఆ ఊదారంగు విరుగును. మరల కూడుటకు ఏ విటమిను కావలెను. విటమిను చాలకున్నచో చీకటి పడునప్పుడు కన్ను తడబడును. రేచీకటి యనగా నిదియే. పొడికన్ను తరువాతి మెట్టు. కన్ను మెత్తబడి పగులుట కడపటి మెట్టు.

మన దేశమందు ఈ కథ మరియొక ప్రకరణముగా సాగినది. 1918లో మెక్కారిసన్ దొర నీలగిరులందలి కూనూరున ఒక్క గదిలో నెలకొల్పిన ఆహార పరిశోధనశాల, 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందినది. అచ్చటి పరిశోధనల ఆధారమున, 1970 నుండి మన ప్రభుత్వము చిన్నబిడ్డలకు ఆరునెలల కొకమారు రెండు లక్షల యూనిట్ల ఏ విటమిను ద్రవమును నోట పోయించుచున్నది. ఏడాది నిండని శిశువునకు లక్ష. కాలేయము నిలువచేయగలదు గనుకనే ఆరునెలల కొకమారు చాలును. అట్లని మితిమీరి త్రాగుట ప్రమాదము. కొవ్వున కరగునది మూత్రమున పోదు, విషమగును. మెక్కాలం పనిచేసిన హాప్‌కిన్స్ నుండియే వచ్చిన ఆల్ఫ్రెడ్ సోమర్ అను వైద్యుడు, ఇండోనేషియాలోని ఆచే ప్రాంతమున ఈ ద్రవము పుచ్చుకొన్న బిడ్డలలో మరణములు సుమారు మూడవవంతు తగ్గినట్లు 1986లో ప్రకటించెను. కన్ను కాపాడుటకై ఇచ్చినది ప్రాణమును గూడ కాచినదన్నమాట. పొడికంటి గుడ్డితనము మునుపటికంటె మిక్కిలి తగ్గినది. కాని శుభ్రమైన నీరు లేని చోట, మాటిమాటికి విరేచనములగు బిడ్డలకు తిన్నది నిలువదు గాన, అచ్చట భయము పూర్తిగా తొలగలేదు.

మెక్కాలం 1944 ప్రాంతమున ఆచార్యపదవి నుండి విరమించియు ప్రయోగశాలను విడువలేదు. పండితులకొరకే వ్రాసి తృప్తిపడక, ఇల్లాండ్రు చదువు మాసపత్రికయందు ఏ తిండి యేల తినవలెనో చాలయేండ్లు వ్రాసెను. 1948లో ఆయన పేరును, ధనమిచ్చిన ప్రాట్ గారి పేరును కలిపి హాప్‌కిన్స్‌లో నొక పరిశోధన సంస్థ యేర్పడెను. 1957లో పోషణశాస్త్ర చరిత్రను పెద్ద గ్రంథముగా వ్రాసి, తనకంటె ముందు తడబడుచు నడచినవారిని ఓపికతో పేరుపేరున తలచెను. 1964లో కాన్సాసు పొలముల నాటి బాల్యము మొదలుకొని తన చరిత్రను తానే వ్రాసి ముద్రించెను. 1967వ సంవత్సరము నవంబరు 15వ తేదిని, ఎనుబదియెనిమిదవ యేట, ఆయన కాలధర్మము నొందెను.